లంఘించుట



మన నరసన్నపేట ప్రాంతములో ఇంట ఎవరికైన జ్వరము వచ్చినయెడల, "రెండు లంకణాలు కట్టనీ, అదే తగ్గిపోతాది" అని పూర్వము పెద్దలు చెప్పెడివారు. ఆ లంకణమే సంస్కృతమందలి లంఘనము. లంఘించుట అనగా ఎగిరి దాటుట. ఈ క్రియను నేడు ఇంటిమాటలలో వాడువారు అరుదు. పురాణము చెప్పువారు సముద్రలంఘనము అనగా వినుచుందుము. అయినను దీని సంతానములో రెండు మాటలు మన నోట నిలిచియున్నవి. ఒకటి లంకణము, రెండవది ఉల్లంఘనము.

దూకుటకును పస్తుండుటకును ఏమి సంబంధము? లఘు అనగా తేలిక. లంఘనము దానికి చుట్టపు మాట. చరకసంహిత సూత్రస్థానము 22వ అధ్యాయములో దేహమును తేలికపరచునదంతయు లంఘనమే అని చెప్పి, దానిని పది విధములుగా లెక్కించిరి. ఉపవాసము అందులో ఒకటి. బరువు దిగినవాడే గదా ఎగురగలవాడు!

ఉల్లంఘనమో, హద్దు దాటుట. మన బైబిలులోని అతిక్రమము అను మాటయు అట్టిదే. అడుగు మేర మీరుట.

అట్లయిన ప్రతి ఉల్లంఘనమును పాపమేనా? నౌపడా ఉప్పుమళ్లను ఎరిగిన మనకు ఉప్పు చట్టము సంగతి చెప్పనక్కరలేదు. 1930 ఏప్రిల్ 6న గాంధీగారు దండిలో ఆ చట్టమును ఉల్లంఘించిరి. అయితే మార్చి 2నే వైస్రాయికి ఉత్తరము వ్రాసి తెలిపిరి. పట్టపగలు చేసి, చెరకు సిద్ధపడిరి. ఆయనే 1933 మే 8 మొదలు 21 దినములు ఆత్మశుద్ధికై ఉపవాసముండిరి. పొరుగువానిది దొంగిలించుటకు దాటు హద్దు వేరు, అన్యాయమును ఎదిరించి శిక్షకు తలయొగ్గి దాటు హద్దు వేరు.

ఉపవాస కూడికకు వచ్చిన అన్నదమ్ములిద్దరిని నేనెరుగుదును. ఉదయమునుండి గుక్కెడు గంజియైన ముట్టలేదు. వారి తగవు పొలము గట్టును గూర్చినది. ఒకడు దానిని మూరెడు జరిపెను. ప్రార్థన ముగిసినను ఒకరి ముఖము ఒకరు చూడక వెళ్లిపోయిరి. లంకణము జరిగినది గాని ఉల్లంఘనము అట్లే యున్నది. కడుపు తేలికయ్యెను, గుండె కాలేదు. వారిని ముందు పొలమునకు పంపక ప్రార్థనకు కూర్చుండబెట్టిన కాపరిని నేనే గనుక, ఆ తప్పులో నాకును పాలు కలదు.

అపొస్తలుల కార్యములు మూడవ అధ్యాయములోని కుంటివానిని తలంచుడి. అతడు నలువది ఏండ్లు దాటినవాడు. పుట్టినది మొదలు నడిచి యెరుగడు. అతడు లేచినప్పుడు మన తెలుగు బైబిలు లంఘించెనని వ్రాయదు. గంతులు వేసెనని, మన లేగదూడలకు చెప్పు మాటనే చెప్పును. ఆ గంతులతో అతడు ఎవరి గోడయు దాటలేదు. ఏ ద్వారమువద్ద భిక్షమెత్తెనో ఆ ద్వారము గుండనే దేవాలయములోనికి వెళ్లెను.

చదువరీ, వచ్చు ఉపవాస దినమునకు ముందు నీ పొలము గట్టు ఒకసారి చూచి రమ్ము. జరిపియున్నయెడల తిరిగి మొదటి చోటనే వేయుము. ఆ పిమ్మట కట్టిన లంకణము నిన్ను తేలికపరచును.