మాస్కు తీయమన్న రోజు

2021 మే 19. తెలంగాణలో రెండో విడత లాక్‌డౌన్ మొదలై వారం గడిచింది. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తన మామగారితో కలిసి స్కూటరు మీద హైదరాబాద్ పాతబస్తీలోని ఇంటికి వెళుతున్నారు. షాహ్రాన్ మార్కెట్ దగ్గర పోలీసులు బండి ఆపి, మాస్కు తీయమన్నారు. కారణం చెప్పలేదు. ఆయన తీయడానికి నిరాకరించారు. పోలీసులు మాస్కుతోనే ఫొటో తీసుకున్నారు.

మాస్కు లేకుండా రోడ్డెక్కితే వెయ్యి రూపాయల జరిమానా కట్టవలసిన రోజులవి. అంతకు ఏడాది ముందు, 2020 మేలో, ఇదే పోలీసు శాఖ హైదరాబాద్, సైబరాబాద్, రాచకొండ కమిషనరేట్ల పరిధిలో మాస్కు లేని ముఖాలను సీసీ కెమెరాల ద్వారా కృత్రిమ మేధతో గుర్తిస్తామని ఘనంగా ప్రకటించింది. ముఖం కప్పుకోకపోతే స్తంభం మీది కెమెరా పట్టుకుంటుంది. కప్పుకుంటే పోలీసు చేతిలోని కెమెరా విప్పమంటుంది. రెండూ ఒకే ప్రభుత్వానివి.

కెమెరా కంటపడకుండా ఉండటానికి మనిషి ఏం తొడుక్కోవాలన్న ప్రశ్న పాశ్చాత్య దేశాల్లో పదిహేనేళ్లుగా కళాకారులనూ పరిశోధకులనూ ఆకర్షిస్తోంది. దాని మూలం మొదటి ప్రపంచ యుద్ధంలో ఉంది. 1917లో బ్రిటిష్ చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్ ఓడలకు నలుపు తెలుపు చారలు అడ్డదిడ్డంగా వేయించాడు. అంత పెద్ద ఓడను సముద్రంలో దాచడం సాధ్యం కాదు. అది ఏ దిక్కుకు, ఎంత వేగంతో పోతున్నదో జర్మన్ జలాంతర్గామికి అంతుపట్టకపోతే చాలునన్నది ఆయన ఆలోచన. ఆ పద్ధతికి ‘డాజిల్’ అని పేరు. దాదాపు శతాబ్దం తర్వాత, 2010లో, న్యూయార్క్‌లో ఆడమ్ హార్వే అదే పేరును అరువు తెచ్చుకొని ‘సీవీ డాజిల్’ రూపొందించాడు. జుట్టును ముఖం మీదికి వంకరగా దించడం, ఒక చెంపకు నలుపు, మరొక చెంపకు తెలుపు పూయడం అందులోని మెళకువలు. 2001లో పాల్ వియోలా, మైకేల్ జోన్స్ తయారుచేసిన ముఖాన్వేషణ పద్ధతి వెలుగునీడల లెక్క మీద నడిచేది. కళ్ల చోటు చెంపల కన్నా చీకటిగా, ముక్కుదూలం కళ్ల కన్నా వెలుగుగా ఉండాలి. ఆ లెక్క తప్పితే యంత్రానికి అక్కడ ముఖమే లేదు.

తర్వాత అలంకరణ స్థానంలోకి వస్త్రం వచ్చింది. 2019లో బెల్జియంలోని ల్యువెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రంగురంగుల అట్టముక్క ఒకటి నడుము ముందు పట్టుకుంటే, మనుషులను గుర్తించే సాఫ్ట్‌వేర్ ఆ మనిషిని వదిలేస్తుందని చూపించారు. అదే ఏడాది అమెరికాలో కేట్ రోజ్ అనే డిజైనర్ వాహనాల నంబరు ప్లేట్లు అచ్చువేసిన దుస్తులు తెచ్చింది. రోడ్డు మీద బళ్ల నంబర్లు చదివే కెమెరా చొక్కాను కూడా బండిగా లెక్కవేసి, పనికిరాని సమాచారంతో నిండిపోతుంది. ఇటలీలో ‘క్యాపబుల్’ అనే సంస్థ అల్లిన స్వెట్టర్లను తొడిగితే మనిషి స్థానంలో యంత్రానికి జిరాఫీయో కుక్కో కనబడుతుందట. ధర వందల యూరోలు.

ఇటువంటి వార్తలు తెలుగు పత్రికల్లో ‘వింత’ శీర్షిక కింద వచ్చి పోతుంటాయి. ఆ వస్త్రాల అసలు బలహీనత అందులో కనబడదు. ప్రతి డిజైనూ ఒక నిర్దిష్టమైన సాఫ్ట్‌వేర్‌కు విరుగుడు. సాఫ్ట్‌వేర్ మారిన నాడు చొక్కా మామూలు చొక్కా అవుతుంది, పైగా వీధిలో అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. కెమెరాను తప్పించుకోబోయి కానిస్టేబుల్ చూపుకు చిక్కడమన్నమాట.

దీనికి అన్నిటికన్నా పెద్ద పరీక్షను ఏ డిజైనరూ జరపలేదు, కరోనా జరిపింది. ప్రపంచం ఒక్కసారిగా ముఖం కప్పుకుంది. 2020 జూలైలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అంతకు ముందు తయారైన ముఖ గుర్తింపు పద్ధతులను మాస్కు ముఖాలతో పరీక్షించింది. మేలైనవి కూడా దాదాపు 5 శాతం తప్పాయి. మామూలు రోజుల్లో బాగానే పనిచేసేవి అనేకం 20 నుంచి 50 శాతం దాకా తప్పాయి. పది రూపాయల గుడ్డముక్క ఖరీదైన స్వెట్టరు చేయవలసిన పనిని చేసి చూపింది. ఆ విజయం ఎంతో కాలం నిలవలేదు. ఆ ఏడాది ముగిసేలోగానే సంస్థలు కళ్లూ నుదురూ ఆధారంగా గుర్తుపట్టడం యంత్రానికి నేర్పాయి.

హైదరాబాద్‌లో ఈ విద్యకు డిజైనర్లు అక్కరలేకపోయారు. ఈ-చలాన్ తప్పించుకోవడానికి బండి నంబరు ప్లేటుకు మాస్కు తగిలించినవారు, ఒక అంకె మీద స్టిక్కరు అంటించినవారు, ప్లేటును పైకి వంచినవారు నగరంలో కొల్లలు. పోలీసులు వారి మీద మోసం కేసులు పెట్టారు. ఇక ఎండకూ దుమ్ముకూ వెరచి కళ్లు మాత్రమే కనబడేలా చున్నీ చుట్టుకొని స్కూటీ నడిపే అమ్మాయిలు, బురఖాలో బజారుకు వెళ్లే స్త్రీలు కెమెరాను ఉద్దేశించి వాటిని ధరించలేదు. అయినా ముఖం చూపడమే పౌరుడి నిజాయితీకి రుజువు అనే రాజ్యంలో వారి చున్నీ, బురఖా కూడా ఒక సంజాయిషీ కోరే వస్తువులుగా మారగలవు. లండన్‌లో 2019 జనవరిలో పోలీసులు ముఖ గుర్తింపు కెమెరాను పరీక్షిస్తుండగా ముఖం కప్పుకొని నడిచిన ఒక వ్యక్తిని ఆపారు. వాగ్వాదం జరిగింది. చివరకు అతడికి 90 పౌండ్ల జరిమానా పడింది. హాంకాంగ్ ప్రభుత్వం ఆ అక్టోబరులో ఏకంగా నిరసనల్లో ముసుగునే నిషేధించింది. అందుకు వాడుకున్నది 1922 నాటి వలస పాలకుల అత్యవసర చట్టం.

వలస పాలన ప్రస్తావన ఇక్కడ యాదృచ్ఛికం కాదు. మనిషి ఒంటినే అతడి గుర్తింపు కాగితంగా మార్చే విద్యకు భారతదేశమే ప్రయోగశాల. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ ఒక కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. 1911 నేరస్థ తెగల చట్టం నమోదు చేసిన తెగలవారి వేలిముద్రలు తీసుకునే అధికారమిచ్చింది. ఆ చట్టపు నీడలోనే 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పుట్టింది. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలోని ఆ సెటిల్‌మెంటులో ఎరుకల కుటుంబాలు హాజరు పలకవలసి వచ్చేది. ఏ నేరం చేశారని వారిని ఎవరూ అడగలేదు, పుట్టుకే చాలింది. వేలిముద్రకు కనీసం వేలు పట్టుకోవాలి. ముఖానికి ఆ శ్రమ కూడా లేదు.

ఇప్పటి కెమెరాల వెనుక కథ 2013 ఫిబ్రవరి 21 నాటి దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లతో ఊపందుకుంది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రత చట్టం వచ్చి, జనం గుమికూడే దుకాణాలూ సంస్థలూ సొంత ఖర్చుతో సీసీ కెమెరాలు పెట్టాలని నిర్దేశించింది. భయం నిజమైనదే, మరణాలు నిజమైనవే. అందుకే ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు. 2018లో పోలీసుల ‘టీఎస్‌కాప్’ యాప్‌కు ముఖ గుర్తింపు జతపడింది. 2020 జనవరి పురపాలక ఎన్నికల్లో కొంపల్లిలోని 10 పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల ముఖాల మీద దాన్ని ప్రయోగించి చూశారు. పేలుళ్లను నివారించడానికి వచ్చిన యంత్రం ఏడేళ్లకు ఓటరు ముందు నిలబడింది. 2021లో ఆమ్నెస్టీ కాలాపత్తర్, కిషన్‌బాగ్‌లలో కెమెరాలను లెక్కించింది. కాలాపత్తర్‌లో సగానికి పైగా, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం ప్రాంతం వాటి చూపు కిందే ఉందని తేల్చింది.

ఆ చూపు తప్పు చేయదా? 2018లో, తప్పిపోయిన పిల్లల కేసులో, ఢిల్లీ పోలీసులు తమ ముఖ గుర్తింపు వ్యవస్థ కచ్చితత్వం 2 శాతమేనని హైకోర్టుకు చెప్పుకున్నారు. రెండేళ్లకు అదే నగరంలో అల్లర్లు జరిగితే, ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్ ద్వారా 1,100 మందికి పైగా గుర్తించామని హోంమంత్రి అమిత్ షా పార్లమెంటుకు చెప్పారు. తప్పిపోయిన బిడ్డను పోల్చుకోలేని యంత్రానికి అల్లరిమూక సులువుగా దొరకడం ఆలోచించదగిన సంగతి.

మసూద్ వద్ద జిరాఫీ స్వెట్టరు లేదు. ఆయన చేసింది వేరు. ఏ చట్టం ప్రకారం ఫొటో తీశారని నగర పోలీసు కమిషనర్‌కు లీగల్ నోటీసు పంపారు. జవాబు రాకపోవడంతో హైకోర్టుకు వెళ్లారు. నిజానికి ఆనాటికి అమలులో ఉన్నది 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం. తెల్లదొరలు రాసిన ఆ చట్టం సైతం శిక్షపడినవారి, మేజిస్ట్రేటు ఆదేశించినవారి ఫొటోలకే అనుమతిచ్చింది. దారిన పోయేవాడి ముఖం దాని పరిధిలో లేదు. 2017లో పుట్టస్వామి తీర్పు కూడా గోప్యతలో జోక్యానికి ముందు చట్టం ఉండాలన్నది. ఆ ఖాళీని పార్లమెంటు 2022లో పూరించిన తీరు చూడదగ్గది. పాత చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టం కంటిపాప ముద్రల దాకా పరిధిని విస్తరించి, వాటిని 75 ఏళ్లు భద్రపరచమన్నది. 2023 డేటా రక్షణ చట్టం ప్రభుత్వ సంస్థలను తన పరిధి నుంచి మినహాయించే అధికారాన్ని కేంద్రానికే అప్పగించింది.

మసూద్ పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు 2022 జనవరి 3న ప్రభుత్వానికి నోటీసు జారీ చేసింది. ఏడు నెలల తర్వాత, ఆగస్టు 4న, బంజారాహిల్స్‌లో నగరమంతటి కెమెరాలనూ ఒక్కచోటి నుంచి చూడగల కమాండ్ కంట్రోల్ సెంటర్‌ను ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించారు.