53 రోజులు ఆగిన కణ విభజన

కలకత్తాకు తూర్పున, చిత్తడి నేలను పూడ్చి కట్టిన పట్టణం సాల్ట్ లేక్. సంతానం లేని దంపతుల కోసం డాక్టర్ బైద్యనాథ్ చక్రవర్తి 1986లో పునరుత్పత్తి వైద్య సంస్థను నెలకొల్పింది అక్కడే. అలాంటి ప్రయోగశాలల్లో శరీరం బయట ఫలదీకరణం చెందిన అండం రెండు కణాలుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోవడాన్ని సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. ఈ విభజనను మధ్యలో ఆపి, కొన్ని వారాల తర్వాత మళ్లీ సాగనివ్వవచ్చా? ఆ పని చేశానని 1978లో ఇదే నగరంలో ఒక వైద్యుడు ప్రకటించారు. అధికారులు నమ్మలేదు.

ముందుగా కణ విభజన సంగతి చూద్దాం. మీ శరీరంలోని కణాలన్నీ ఒకే ఒక్క కణం నుంచి వచ్చినవే. విడిపోయే ముందు కణం తన 46 క్రోమోజోములకూ నకళ్లు తయారుచేసుకుంటుంది. అసలూ నకలూ జంటగా అతుక్కుని కణం నడుమ బారులు తీరతాయి. కండె ఆకారంలో అమరిన సన్నని పోగులు ఆ జంటలను విడదీసి చెరో వైపుకు లాగుతాయి. అలా పిల్ల కణాలు రెండింటికీ 46 చొప్పున అందుతాయి. జర్మనీకి చెందిన వాల్టర్ ఫ్లెమింగ్ దీనిని వివరంగా పరిశీలించి 1882లో గ్రంథం ప్రచురించాడు. దారం అనే అర్థం గల గ్రీకు మాటతో మైటోసిస్ అని పేరు పెట్టాడు. మనం సమవిభజన అంటున్నాం.

బాగా చల్లబరిస్తే ఈ పనులన్నీ ఆగిపోతాయి. చిక్కంతా నీటితోనే. కణంలోని నీరు మంచు పలుకులుగా మారితే పొరలు చిరిగిపోతాయి. అందుకే కొంత నీటిని బయటికి రప్పించి, పలుకులు కట్టనివ్వని ద్రవాన్ని లోపలికి పంపాలి. సున్నాకు 196 డిగ్రీల దిగువన ఉండే ద్రవ నైట్రోజన్‌లో రసాయన చర్యలు దాదాపు నిలిచిపోతాయి. క్రోమోజోముల్లోని సమాచారం మాత్రం అలాగే ఉంటుంది.

ఆ వైద్యుడు డాక్టర్ సుభాష్ ముఖర్జీ (1931–1981). అండాల కోసం హార్మోన్లు ఇచ్చిన నెలలో గర్భాశయం పిండాన్ని నిలుపుకోవడం కష్టమని ఆయన భావించారు. అందుకే సునీత్ ముఖర్జీ, సరోజ్ కాంతి భట్టాచార్యలతో కలిసి, ఎనిమిది కణాల పిండాన్ని గడ్డకట్టించి 53 రోజులు నిల్వ ఉంచారు. తర్వాత కరిగించి తల్లి గర్భంలో ప్రవేశపెట్టారు. ఆగిన విభజన మళ్లీ సాగింది. 1978 అక్టోబరు 3న ‘దుర్గ’ పుట్టింది. ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయీ బ్రౌన్ ఇంగ్లండులో పుట్టి అప్పటికి పది వారాలే.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షుడు రేడియో భౌతిక శాస్త్రవేత్త. సంఘం ఆయన మాటలను కొట్టిపారేసింది. 1979లో జపాన్‌లో జరిగే సదస్సుకు ఆహ్వానం వస్తే వెళ్లనివ్వలేదు. 1981లో కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. ఆ ఏడాది జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆధారాలు అడగడం తప్పు కాదు, సైన్సు నడిచేదే వాటి మీద. కాని ఆధారాలను తూచేవారికి ఆ విషయం తెలిసి ఉండాలి కదా!

గడ్డకట్టించిన పిండం నుంచి ఆస్ట్రేలియాలో 1984లో బిడ్డ పుట్టినప్పుడు ప్రపంచం హర్షించింది. 1986లో బొంబాయిలో పుట్టిన హర్ష భారతదేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువుగా పేరు పొందింది. డాక్టర్ ఇందిరా హిందుజాతో కలిసి ఆ ప్రయోగం నడిపిన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్. తర్వాత ఆయన చేతికి సుభాష్ ముఖర్జీ రాసుకున్న కాగితాలు వచ్చాయి. చదివి, ‘తొలి’ గౌరవం తమది కాదు, ముఖర్జీదేనని 1997లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రాశారు.

నేడు పిండాలను గడ్డకట్టించి, మరో నెలలో గర్భంలో ప్రవేశపెట్టడం ఎన్నో దేశాల్లో మామూలు వైద్యం. మీ ప్రాక్టికల్ నోటుబుక్కులో తేదీ వేసి, చూసింది చూసినట్టు రాయమని మాస్టారు చెబితే విసుక్కోకండి. పదహారేళ్ల తర్వాత సుభాష్ ముఖర్జీ పక్షాన సాక్ష్యం చెప్పినవి అలాంటి కాగితాలే.