ఉగ్గుగిన్నె

పసితనముననే పట్టువడిన నేర్పును మనవారు ‘ఉగ్గుపాలతో పెట్టిన విద్య’ యందురు. ఆముదమును తల్లిపాలతో రంగరించి శిశువు నోట పోయునది ఉగ్గు; అందులకై యేర్పడిన, ముక్కువంటి కొమ్ము గల చిన్నగిన్నె ఉగ్గుగిన్నె.

తొలికాన్పు పుట్టింటనే జరుగవలెనను ఆచారము వలన, పసిబిడ్డను సాకు విద్య మన దేశమున తల్లినుండి కూతునకు, చేతినుండి చేతికి దిగివచ్చినది. అమ్మమ్మ పీటపై కూర్చుండి, కాళ్లు చాచి, ఆ కాళ్లమీద బిడ్డను బోరగిలఁ బరుండఁబెట్టి, వీపున నూనె మర్దించి, సున్నిపిండితో నలిచి, నుదుటికి అరచేయి అడ్డముపెట్టి గోరువెచ్చని నీళ్లు పోయుచుండ, బాలింత ప్రక్కన నిలిచి చూచి నేర్చుకొనెడిది. పిదప పిడకనిప్పులపై సాంబ్రాణి. శిశువు వస్త్రములకును పక్కకును వస, గుగ్గులు, ఆవాలు, ఇంగువ మున్నగువానిని నేతితో కలిపి ధూపము వేయవలెనని చరకసంహితలోనే విధి కలదు. ఆ గ్రంథము పేరైన వినని ముసలమ్మలు ఆ పొగను ఇన్ని తరములు ఆరనీయలేదు.

అయితే ముర్రుపాల విషయమున శాస్త్రకారులే ఏకవాక్యముగా లేరు. తేనెయు నేయియు నాకించిన వెంటనే కుడిచన్ను కుడుపవలెనని చరకుడు చెప్పగా, మూడునాలుగు రాత్రులకు గాని పాలు పడవని తలఁచి అంతవరకు తేనెనేతులనే సుశ్రుతుడు విధించెను. మన యిండ్లలో పెక్కింట సుశ్రుతుని మాటయే ఆచారమై నిలిచినది. ఆవు ఈనిన నాడు జున్నుపాలకై ఇరుగుపొరుగెల్ల గిన్నెలు పట్టుకొని కాచుకొనియుండగా, అదే యింట బాలింత ముర్రుపాలు మాత్రము చెడ్డపాలని గోడవార పిండి పాఱఁబోయఁబడుట నాకెన్నటికిని మింగుడుపడని దుఃఖము.

బొడ్డుకోఁతలో జరిగిన హాని ఇంకను ఘోరము. పదునైన లోహశస్త్రమును చరకుడు చెప్పియుండగా, మంత్రసాని చేత చిక్కినది వెదురుబద్దయో కొడవలియో. కోసిన చోట అద్దినది బూడిద. మంటినుండియు పేడనుండియు ధనుర్వాతము పసికందుల కెక్కినది ఆ దారినే. ఈ దోషమును మంత్రసానిపై మాత్రమే మోపుట న్యాయము కాదు. చాటెడు బియ్యమునకును పాతచీరకును అర్ధరాత్రి పరుగెత్తివచ్చిన ఆమెకు శుభ్రమైన కత్తి నిచ్చినవా రెవ్వరు? ఆ కొఱత తీర్చు యత్నములు మెల్లమెల్లగా వచ్చినవి. అమెరికా మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు చేరి 1898లో స్త్రీలకు ఆసుపత్రి తెఱచెను. మంత్రసానుల శిక్షణకై వైస్రాయి భార్య లేడీ కర్జన్ పూనికతో 1903లో విక్టోరియా స్మారకనిధి వెలసెను. ప్రసవకాలపు ధనుర్వాతము దేశమున ప్రజారోగ్యసమస్యగా తొలఁగినదని ప్రకటించుటకు 2015 రావలసివచ్చినది.

మా యింటి పిల్ల మొన్న ఆసుపత్రిలో ప్రసవింపగా, నర్సు గంటలోపలనే బిడ్డను చన్నుకు పట్టించెను. తన నలుగురు బిడ్డలకును ముర్రుపాలు కుడుపని మా అక్కయ్య కొంతసేపు మాటాడక చూచుచుండెను. పిమ్మట లేచివచ్చి, బిడ్డ తల క్రింద తన అరచేయి పెట్టి, మెడ కొంచెము ఎత్తి పట్టుకొనెను.