జోల్వా అద్దె గదులు: సూరత్ వలస కార్మికులు ఇంటి కోసం ఏమడగాలి, ఎవరినడగాలి?

గుజరాత్‌లోని సూరత్ నగరానికి తూర్పున, పల్సాణా తాలూకాలో కడోదరాకు దగ్గరగా ఉన్న ఊరు జోల్వా. చుట్టూ మరమగ్గాలు, డైయింగ్, ప్రింటింగ్ మిల్లులు. వాటిలో పనిచేసేవారిలో ఎక్కువ మంది ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్ర వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారే. సూరత్ వస్త్ర పరిశ్రమతో తెలుగువారికీ పాత బంధమే ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడికి వలస వెళ్లి లింబాయత్, ఉధ్నా తదితర ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతోందంటే ఆ సంఖ్య తక్కువేమీ కాదని అర్థమవుతుంది.

ఈ పారిశ్రామిక ప్రాంతంలో పని దొరకడం కంటే తలదాచుకునే చోటు దొరకడమే కష్టం. అందుబాటు ధరలో ఇల్లు కావాలన్న డిమాండ్ ఎప్పటి నుంచో ఉంది. అయితే ఆ డిమాండ్‌ను ఏ రూపంలో, ఏ కార్యాలయం ముందు పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

సొంతిల్లా, అద్దె ఇల్లా?

మన దేశంలో గృహ పథకాలు చాలావరకు సొంతింటి పథకాలే. 2015 జూన్ 25న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పట్టణ) కింద ఇల్లు పొందాలంటే దరఖాస్తుదారు కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. వలస కార్మికుడికి చిక్కు ఇక్కడే వస్తుంది. సొంతూళ్లో తాతల నాటి పక్కా ఇల్లు తన పేరున ఉంటే, మిల్లు పక్కన పదేళ్లుగా ఒకే గదిలో నలుగురితో కలిసి ఉంటున్నా అతడు ఆ పథకానికి అనర్హుడే. పేరున ఇల్లు లేనివారికి కూడా లబ్ధిదారు వాటా కట్టడం, బ్యాంకు రుణానికి ఆదాయ పత్రాలు చూపడం భారమే.

పైగా ఒంటరిగా వచ్చి ఏడాదిలో కొన్ని నెలలు ఊరికి వెళ్లే కార్మికుడికి ఫ్లాట్ అవసరం లేదు. అతడికి కావలసింది నడిచి వెళ్లే దూరంలో గాలి, నీరు, మరుగుదొడ్డి ఉన్న గది, భరించగలిగే అద్దె. సూరత్‌లో ఒడిశా మగ్గం కార్మికులు ఉండే 'మెస్' గదుల గురించి చాలా కథనాలు వచ్చాయి. పగటి షిఫ్టు వాళ్లు పనిలో ఉన్నప్పుడు రాత్రి షిఫ్టు వాళ్లు అదే చాప మీద నిద్రపోతారు. కుటుంబంతో వచ్చినవారి అవసరం వేరు. వారికి పిల్లల బడి, రేషన్, చిరునామా రుజువు అన్నీ ఇంటితో ముడిపడి ఉంటాయి. ఈ రెండు వర్గాలనూ ఒకే గాటన కట్టి అడిగితే రెండింటికీ న్యాయం జరగదు.

చట్టాలు, పథకాలు

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం (1979) కార్మికులకు తగిన వసతి కల్పించే బాధ్యతను కాంట్రాక్టరుపై పెట్టింది. అయితే అది కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారికే వర్తించేది. బంధువు పిలిస్తేనో, ఊరివాళ్లతో కలిసో వచ్చి మిల్లులో చేరినవారు దాని పరిధిలోకి రాలేదు. మరమగ్గాల కార్మికుల్లో అత్యధికులు ఇలా వచ్చినవారే.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ సూరత్ కార్మికులు జీతాల కోసం, ఊళ్లకు పంపాలని రోడ్డెక్కారు. ఆ సంక్షోభం తర్వాతే, 2020 జులై 8న, కేంద్ర మంత్రివర్గం అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకానికి (ఏఆర్‌హెచ్‌సీ) ఆమోదం తెలిపింది. ఇందులో రెండు నమూనాలున్నాయి. మొదటిది, ప్రభుత్వ నిధులతో కట్టి ఖాళీగా పడి ఉన్న ఇళ్లను 25 ఏళ్లపాటు అద్దెకివ్వడం. రెండోది, ప్రైవేటు లేదా ప్రభుత్వ సంస్థలు తమ సొంత ఖాళీ స్థలంలో అద్దె ఇళ్లు, డార్మిటరీలు కట్టి నడపడం. అద్దెను రెండేళ్లకోసారి 8 శాతం వరకు, ఐదేళ్లలో మొత్తం 20 శాతానికి మించకుండా పెంచుకోవచ్చని నిబంధన పెట్టారు.

ఫలితం మాత్రం ఆశించినంతగా లేదు. పథకం మొదలైనప్పుడు దేశవ్యాప్తంగా ఇలాంటి ఖాళీ ఇళ్లు 83,534 ఉన్నట్లు లెక్క తేల్చారు. వాటిలో అద్దె ఇళ్లుగా మార్చినవి 5,648. అందులో సూరత్ వాటా 393. లక్షల మంది వలస కార్మికులున్న నగరానికి ఇది ఏ మూలకు?

2024 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆవాస్ యోజన (పట్టణ) 2.0లో అద్దె గృహాలను ప్రత్యేక విభాగంగా చేర్చారు. అంటే మిల్లు యజమానుల సంఘమో, ప్రభుత్వ సంస్థో ముందుకొస్తే పథకం సిద్ధంగానే ఉంది. ముందుకు రావాలని అడిగే గొంతే బలంగా లేదు.

షోలాపూర్ పాఠం

అడిగి సాధించుకున్న అనుభవం తెలుగువారికి పక్క రాష్ట్రంలోనే ఉంది. మహారాష్ట్రలోని షోలాపూర్‌లో బీడీ, మరమగ్గాల కార్మికుల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సీపీఎం మాజీ ఎమ్మెల్యే, తెలుగువాడైన నర్సయ్య ఆడం నాయకత్వంలో కార్మికులు సహకార సంఘంగా ఏర్పడి ఇళ్ల కోసం ఏళ్ల తరబడి పోరాడారు. మహిళా బీడీ కార్మికుల కోసం కట్టిన గోదూతాయి పరులేకర్ కాలనీలోని 10,000 ఇళ్లను 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా అందుకున్నారు. ఆ తర్వాత కుంభారీ వద్ద 30,000 ఇళ్ల రేనగర్ ప్రాజెక్టు మొదలైంది. అందులో తొలి 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ లబ్ధిదారులకు అప్పగించారు.

కేంద్రంలో ప్రభుత్వాలు మారినా షోలాపూర్ కార్మికుల డిమాండ్ మారలేదు. ఎవరికి ఇల్లు కావాలో పేర్లతో సహా జాబితా వారి దగ్గర ఉంది. తమ వాటా కట్టే సభ్యులున్నారు, స్థలం చూపించారు. 'ఇళ్లివ్వండి' అన్న నినాదాన్ని ప్రాజెక్టుగా మార్చింది ఈ మూడే.

జోల్వాలో ఏమడగాలి?

మొదట తేల్చుకోవాల్సింది పరిధి. పట్టణ ఆవాస్ యోజన పురపాలికలకే కాక, నోటిఫై చేసిన పట్టణాభివృద్ధి ప్రణాళికా ప్రాంతాలకూ వర్తిస్తుంది. సూరత్ చుట్టుపక్కల ఈ ప్రణాళిక బాధ్యత సూరత్ పట్టణాభివృద్ధి సంస్థది (సుడా). అందుకే పంచాయతీకి ఇచ్చే వినతిపత్రం ప్రతి సుడాకు, జిల్లా కలెక్టరుకు కూడా చేరాలి.

రెండోది స్థలం. గుజరాత్ పట్టణ ప్రణాళిక, పట్టణాభివృద్ధి చట్టం (1976) ప్రకారం టౌన్ ప్లానింగ్ స్కీము విస్తీర్ణంలో 10 శాతం వరకు భూమిని సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ఇళ్లకు కేటాయించవచ్చు. తమ ప్రాంతంలో ఆ భూమి ఎక్కడుంది, దానిపై ఏం కట్టారని సమాచార హక్కు చట్టం కింద అడగడం ఏ పౌరుడికైనా సాధ్యమే.

మూడోది లెక్క. ఏ గదిలో ఎంతమంది ఉంటున్నారు, తలకు ఎంత అద్దె కడుతున్నారు, ఒంటరివారెందరు, కుటుంబాలెన్ని, సొంతూళ్లో ఇల్లుందా లేదా అన్న వివరాలు కార్మికులే సేకరించుకోవాలి. అద్దె గదులు ఎన్ని కావాలో, సొంతిళ్లు ఎన్ని కావాలో ఈ లెక్కే చెబుతుంది.

నాలుగోది కాగితం. కొత్త ఇళ్లు వచ్చేలోపు ఇప్పుడున్న గదికే అద్దె రసీదు, రాతపూర్వక ఒప్పందం అడగాలి. యజమాని గది ఖాళీ చేయమన్నా, అధికారులు కూల్చివేతకు వచ్చినా నివాసానికి ఆధారం అదే. సూరత్‌లో రైల్వే స్థలంలోని గుడిసెల తొలగింపు కేసులో సుప్రీంకోర్టు 2021 డిసెంబర్‌లో తీర్పు ఇచ్చింది. ఇల్లు కోల్పోయే ఒక్కో కుటుంబానికి నెలకు రూ.2,000 చొప్పున ఆరు నెలలు చెల్లించాలని ఆదేశించింది. అలాంటి కొద్దిపాటి ఊరట దక్కాలన్నా అక్కడ ఉంటున్నట్లు చూపించాల్సిందే.

సూరత్ మిల్లుల్లో తయారైన చీరలు దేశమంతా కడుతోంది. వాటిని నేసేవారికి, రంగులద్దేవారికి షిఫ్టు ముగిశాక ఒళ్లు వాల్చే చోటు ఉండాలనడం దయ కోరడం కాదు. దానికి పథకం ఉంది, చట్టంలో భూమి కేటాయింపునకు వీలుంది. ఇక కావలసింది జాబితా పట్టుకుని నిలబడే సంఘం.