లాగే బరువు, మోసే బరువు

పోయినసారి కోటిపల్లి రైలు గురించి రాసింది చదివి ఫోన్ చేసినవారందరికీ ధన్యవాదాలు. ఈసారిది కూడా కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి. ముఖ్యంగా పికప్ వ్యాన్లు నడిపే మన కుర్రాళ్ళు, అమెరికాలో పిల్లలున్న పెద్దలు చివరిదాకా చదవాలని మనవి.

నెల క్రితం డల్లాస్ నుంచి మా అబ్బాయి వీడియో కాల్ చేశాడు. వాడికి ఒక పికప్ ట్రక్కు ఉంది. ఇప్పుడు దాని వెనక తగిలించుకునే క్యాంపింగ్ ట్రైలర్ కొందామనుకుంటున్నాడు. ట్రైలర్ అంటే చక్రాల మీద చిన్న ఇల్లు. అందులోనే మంచాలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉంటాయి. "మీరూ అమ్మా వచ్చాక ఆరుగురం కలిసి వెళ్దాం నాన్నా. బండి తొమ్మిది వేల పౌండ్లు లాగుతుందని కంపెనీ పుస్తకంలో ఉంది. ట్రైలర్ సామానుతో కలిపినా ఆరువేల అయిదొందలే. బోలెడు మిగులు" అన్నాడు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా గూడ్స్ షెడ్లలో వ్యాగన్ల బరువులు రాసినవాణ్ణి. "లాగేది సరేరా, మోసేదెంత?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. రెండూ ఒకటే కదా అన్నాడు. ఒకటి కాదు. ఆ తేడా తెలియడానికి మనుషులకు చాలా కాలం పట్టింది, మధ్యలో ప్రాణాలూ పోయాయి. ఈ వ్యాసం ఆ చరిత్ర గురించే.

మా నాన్నగారి ఉద్యోగం వల్ల నా చదువంతా కారైకాల్‌లో తమిళ మీడియంలో సాగిందని మీకు తెలుసు. తిరుక్కురళ్‌లో 475వ కురళ్ చెప్పిన రోజు మా అయ్యవారు నల్లబల్ల మీద ఒక బండి బొమ్మ గీశారు. నెమలి ఈకలు మోసే బండి అయినా మితిమీరితే ఇరుసు నిలవదన్నది దాని సారం. రాజు తన బలం తాను ఎరిగి ఉండాలని చెప్పే అధ్యాయంలో వస్తుంది అది. తేలిక వస్తువు కదా అని ఒక్కొక్కటే వేస్తూ పోతాం, విరిగేదాకా ఏది ఎక్కువైందో తెలియదు. ఉద్యోగంలో చేరాక గానీ ఆ బొమ్మ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

ఇరుసు ఒక్కటే కాదు, ఇంకో సంగతి మన రైతులకు ఎప్పటినుంచో తెలుసు. రెండు చక్రాల ఎడ్లబండి మీద ధాన్యం బస్తాలు వేసేటప్పుడు చూసే ఉంటారు. వెనక ఎక్కువ వేస్తే నొగ పైకి లేచి ఎడ్ల మెడ కింద పట్టెడ బిగుస్తుంది. ముందు ఎక్కువ వేస్తే కాడి మెడల మీద కూర్చుంటుంది. అందుకని బస్తాలు సర్ది, నొగ చేత్తో ఎత్తి చూసి, కాస్త ముందుకు మొగ్గు ఉండేలా ఉంచి అప్పుడు కడతారు. చక్రాల మీద ఎంత బరువున్నా ఎడ్ల మెడ మీద పడేది కొంతే. కానీ ఆ కొంత తప్పకుండా పడుతుంది. దీన్ని నొగ బరువు అనుకుందాం. అమెరికా ట్రైలర్ కథంతా ఈ నొగ బరువులోనే ఉంది.

ఎడ్లకు కూడా మన ప్రభుత్వం హద్దు రాసింది. జంతువులతో బరువులు లాగించడం గురించి 1965లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. చక్రానికి గాలి టైరు ఉందా, బాల్ బేరింగు ఉందా, ఏదీ లేదా అన్నదాన్ని బట్టి ఎద్దు లాగే బరువు మారుతుంది. అదే జంతువు వీపు మీద మోసే బరువుకు వేరే పట్టిక పెట్టారు. గాడిద వీపు మీద 50 కిలోలు, ఒంటె మీద 250 కిలోలు దాటకూడదు. లాగడం వేరు, మోయడం వేరు అని పశువుల చట్టమే అంటోంది.

ఇక నీటి మీదకు వద్దాం. మనకు దగ్గర్లోనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 ఉప్పెన తర్వాత కోలుకోలేదు. ఆ శతాబ్దంలోనే ఇంగ్లండులో ఓడల యజమానులు పాత ఓడలకు మితిమీరి సరుకెక్కించి పంపేవారు. ఓడ మునిగినా బీమా డబ్బు వస్తుంది, పోయేది నావికులు. శామ్యూల్ ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు దీని మీద పోరాడి 1873లో పుస్తకం రాశాడు. 1876లో చట్టం వచ్చింది. ఓడ పక్కన ఒక గీత ఉండాలి, నీళ్ళు ఆ గీత దాటకూడదు.

అయితే ఆ చట్టంలో ఒక లోపం ఉంది. గీత ఉండాలన్నారు గానీ ఎక్కడ ఉండాలో యజమానికే వదిలేశారు. ఒక కెప్టెన్ దాన్ని పొగగొట్టం మీద గీయించాడని చెప్పుకుంటారు. గీత స్థానాన్ని చట్టమే నిర్ణయించింది 1890లో. అంటే గీత ఉన్నా అది ఎవరి చేతిలో ఉందన్నది తేలడానికి ఇంకో పద్నాలుగేళ్ళు పట్టింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పటి ఓడల మీద మంచినీటికి ఒక గీత, ఉప్పునీటికి ఒక గీత విడిగా ఉంటాయి. మంచినీటిలో ఓడ ఎక్కువ దిగుతుంది, సముద్రంలోకి వెళ్ళగానే కాస్త లేస్తుంది. గోదావరి సముద్రంలో కలిసే చోట పుట్టిన మనకు ఇది వేరే చెప్పాలా? ఎదుర్లంక వంతెన లేని రోజుల్లో పంటు మీద బళ్ళు దాటించేటప్పుడు సరంగు ముందు బండి వైపు కాదు, పంటు అంచు దగ్గర నీళ్ళ వైపు చూసేవాడు. మనం కట్టిన టిక్కెట్టుతో నీళ్ళకు పని లేదు.

ఇక నా రైలు సంగతి. ప్రతి వ్యాగన్ మీద రెండు అంకెలు పెయింటుతో రాసి ఉంటాయి. టేర్ అంటే ఖాళీ వ్యాగన్ బరువు. సి.సి. అంటే అది మోయగల సరుకు. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ తీసుకుంటే టేర్ 22.47 టన్నులు, సి.సి. 58.81 టన్నులు. కలిపితే 81.28. నాలుగు ఇరుసులకు పంచితే ఒక్కోదాని మీద 20.32 టన్నులు. అసలు హద్దు ఇదే, ఇరుసు హద్దు. మిగతావన్నీ దీంట్లోంచి తీసివేసినవే. సి.సి.ని వ్యాగన్ బయట అందరికీ కనిపించేలా రాయాలని 1989 రైల్వే చట్టం 72వ సెక్షన్ చెబుతుంది. యజమాని ఇష్టం కాదు, పొగగొట్టం మీద రాస్తే కుదరదు.

2005 తర్వాత ఆదాయం కోసం సి.సి. మీద ఎనిమిది టన్నులు అదనంగా, ఆపైన రెండు టన్నుల సడలింపుతో ఎక్కించడానికి రైల్వే అనుమతించింది. రాబడి పెరిగింది. పట్టాలు, చక్రాలు త్వరగా అరుగుతాయన్న చర్చా నడిచింది. ఒకటి మాత్రం గమనించాలి. హద్దు పెంచినా రాతపూర్వకంగా, ఫలానా వ్యాగన్, ఫలానా మార్గం అని చెప్పి పెంచారు. దొంగచాటుగా ఎక్కించడం అది కాదు.

దొంగచాటు ఎలా ఉంటుందో నా అనుభవమే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక వర్తకుడు బియ్యం బస్తాలు బుక్ చేశాడు. బస్తా బరువు ఆయన చెప్పిందే రాసుకుని రసీదు మీద "సెండర్స్ వెయిట్ యాక్సెప్టెడ్" అని వేశాను. కాటా దూరంగా ఉంది, సాయంత్రమైంది, కొన్ని బస్తాలు తూచి చూడాలని తెలిసినా బద్ధకించాను. ఆ వ్యాగన్‌కు దారిలో ఇరుసు వేడెక్కింది. హాట్ యాక్సిల్ అంటాం. గార్డు చూసి ఆపించాడు గనుక సరిపోయింది. వ్యాగన్‌ను విడదీసి తూస్తే మూడు టన్నులు ఎక్కువ. వర్తకుడు జరిమానా కట్టి మర్చిపోయాడు. నాకొచ్చిన మెమో ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ కాకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు.

రోడ్డు మీద కథా ఇదే. 1988 మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ బరువు హద్దు పెట్టింది. అయినా చాలా రాష్ట్రాల్లో జరిమానా కట్టించుకుని అదే బరువుతో లారీని వదిలేసేవారు. జరిమానా కడితే ఇరుసు బలపడుతుందా? ఎక్కువైన సరుకు దించకుండా బండి కదలకూడదని 2005 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. 2018లో కేంద్రం ఇరుసు హద్దునే పెంచింది, నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 నుంచి 11.5 టన్నులకు. 2019 సవరణతో జరిమానా ఇరవై వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రెండు వేలు అయింది.

ఆ 2005లోనే టాటా ఏస్ వచ్చింది. పాండిచ్చేరి వైపు దాన్ని "కుట్టి యానై" అంటారు, అంటే ఏనుగు పిల్ల. ముద్దుపేరు బాగుంది గానీ మొదట వచ్చిన బండి మోసేది 750 కిలోలే. మన చెరువుల దగ్గర వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు ఎక్కించి రొయ్య పిల్లల్ని తోలుతుంటారు. వెయ్యి లీటర్లంటే టన్ను. ట్యాంకు, మోటారు, పైన ఇద్దరు మనుషులు అదనం. ఏనుగు అన్న పేరే తప్ప ఏనుగు బలం దానికి లేదు.

ఇప్పుడు మా వాడి బండికి వద్దాం. ఫ్యాక్టరీలోనే పికప్ తొట్టి బిగించిన బండిని ఫోర్డ్ 1925లో అమ్మకానికి పెట్టింది. ఆ రోజుల్లో బండిని మోసే బరువుతోనే పిలిచేవారు. అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అని. ఎంత నిజాయితీ! తర్వాత పేరు అలాగే ఉంది, అర్థం పోయింది. 1975లో ఎఫ్-150 వచ్చిందే మొత్తం బరువు ఆరువేల పౌండ్లు దాటించి, పొగ నిబంధనల నుంచి తప్పించుకోవడానికి. ఆ తర్వాత ప్రకటనల్లో లాగే బరువు పెద్దక్షరాలయింది, మోసే బరువు చిన్నక్షరాలయింది. లాగే బరువును కూడా ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. అందరికీ ఒకే పరీక్ష ఉండాలని ఇంజనీర్ల సంఘం ప్రమాణం రాసింది 2008లో. ఆ పరీక్షలో కూడా బండిలో కూర్చునేది 150 పౌండ్ల మనుషులు ఇద్దరే.

చిన్నక్షరాలను తలుపు మీదకు తెచ్చింది ఒక విషాదం. 2000 సంవత్సరంలో అమెరికాలో టైర్లు పగిలి కార్లు బోల్తాపడి ఎంతోమంది చనిపోయారని తేలింది. ఆ నవంబరులో చట్టం వచ్చింది. దాని తర్వాతి నిబంధనలతో డ్రైవర్ తలుపు దగ్గర అతికించే చీటీ మీద, మనుషులూ సామానూ కలిపి ఇంత దాటకూడదని ఒకే అంకె రాయడం పికప్‌లకు కూడా తప్పనిసరి అయింది. మన వ్యాగన్ మీది సి.సి. లాంటిదే.

"తలుపు తీసి చదవరా" అన్నాను. 1,500 పౌండ్లు, అంటే 680 కిలోలు. కాగితం తీసి లెక్క వేశాను.

వాడు, కోడలు, ఇద్దరు పిల్లలు: 500. ట్రైలర్ ముక్కు బండి మీద మోపే నొగ బరువు మొత్తంలో నూటికి 10 నుంచి 15 వంతులు ఉండాలి. 12 వంతులనుకుంటే 780. తగిలించే ఇనప సామాను 80. తొట్టిలో ఐసు పెట్టె, పిల్లల సైకిళ్ళు 100. మొత్తం 1,460. మిగిలింది 40 పౌండ్లు. ఇక మేమిద్దరం ఎక్కితే 290. హద్దు 250 పౌండ్లు దాటిపోయింది, అంటే 113 కిలోలు. లాగే లెక్కలో రెండున్నర వేల పౌండ్లు మిగులున్న బండి, మోసే లెక్కలో ముసలివాళ్ళిద్దర్ని మోయలేదు.

"ట్రైలర్‌లో సామాను వెనక్కి జరిపితే ముక్కు బరువు తగ్గుతుంది కదా నాన్నా" అన్నాడు. తగ్గుతుంది. ఎడ్లబండి నొగ లేచినట్టే అవుతుంది. అప్పుడు ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టి వేగంలో బండినే పక్కకు ఈడుస్తుంది. పోనీ ముక్కు బరువు ఎక్కువ పెడితే అది పడేది వెనక ఇరుసుకు అవతల. వెనక దిగి ముందు తేలుతుంది, స్టీరింగు చేతికి తేలికైపోతుంది. మధ్య దారి ఒక్కటే, చిన్న ట్రైలర్.

వాడు నాలుగు వేల పౌండ్ల ట్రైలర్ చూశాడు. నొగ బరువు 480. ఆరుగురితో, సామానుతో అంతా కలిపి 1,450. "యాభై మిగిలింది, అమ్మ ఆవకాయ జాడీకి సరిపోతుంది" అన్నాడు. కొన్నాక కూడా నిండు సామానుతో కాటా మీదకు తీసుకెళ్ళి తూయించమని చెప్పాను. సెండర్స్ వెయిట్ నమ్మొద్దు, ఆ సెండర్ నువ్వే అయినా సరే అన్నాను.

మన పి.వై.-04 కుర్రాళ్ళకు ఒక్క మాట. ఇంటికెళ్ళి ఆర్.సి. తీయండి. లోడుతో బరువు అని ఒక అంకె, ఖాళీ బరువు అని ఒక అంకె ఉంటాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. మిగిలింది మీది, మీ మనుషులది, మీ సరుకుది, అందరిదీ కలిపి. బండి అమ్మినవాడు చెప్పింది, కిరాయి ఇచ్చేవాడు చెప్పింది కాదు. ఎక్కువ బరువుతో వాళ్ళకు లాభం ఉంది. ఆ అంకె రాసినవాడికి లాభం లేదు, అందుకే నమ్మవచ్చు.

పెద్దలు ఎవరి దగ్గరైనా పాత పంటు ఫోటోలు ఉంటే గ్రూపులో పెట్టగలరు. సెలవు.