శక్తిమంతమైన కారులో క్లచ్ జారుడు: గుర్తులు, కారణాలు, మరమ్మతు

రెండు వరుసల రహదారిపై ముందు పోతున్న లారీని దాటడానికి చోదకుడు యాక్సిలరేటర్ బలంగా తొక్కుతాడు. ఇంజిన్ హోరు ఒక్కసారిగా పెరుగుతుంది, ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తుంది, కారు వేగం మాత్రం పెరగదు. ఎదుట నుండి బస్సు వస్తున్న వేళ ఆ రెండు మూడు క్షణాల ఆలస్యం ప్రాణాల మీదికి తేగలదు. మెకానిక్ షెడ్లలో ‘క్లచ్ స్లిప్’ అని చెప్పుకునే లోపం ఇదే.

ఇది దానంతట అది నయమయ్యే లోపం కాదు. జారిన ప్రతిసారీ వేడి పుడుతుంది. వేడి వల్ల అరుగుదల పెరుగుతుంది. అరిగినకొద్దీ జారుడు హెచ్చుతుంది. తొలి గుర్తు కనబడగానే మేలుకున్నవారికి క్లచ్ సెట్ ఖర్చుతో పని ముగుస్తుంది. ఉపేక్షించినవారు ఫ్లైవీల్ ఖర్చును కూడా భరించవలసి వస్తుంది. బెంగుళూరు, చెన్నై, పూణె వంటి నగరాలలో చేతులు మారిన టర్బో కార్లు సెకండ్ హ్యాండ్‌లో పల్లెలకు చేరుతుంటాయి కనుక ఈ విషయం గ్రామీణ కుటుంబాలకు కూడా అవసరమే.

క్లచ్ చేసే పని

ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. దానికి బిగించిన ప్రెషర్ ప్లేటుకు, ఫ్లైవీలుకు నడుమ క్లచ్ ప్లేటు ఇమిడి ఉంటుంది. పళ్లెం వంటి డయాఫ్రమ్ స్ప్రింగ్ ఈ మూడింటినీ గట్టిగా అదిమి ఉంచుతుంది. పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ ఆ స్ప్రింగును నొక్కి పట్టు విడిపిస్తుంది. పెడల్ వదలినప్పుడు పట్టు తిరిగి కుదురుతుంది. క్లచ్ ప్లేటుకు రెండు వైపులా ఉన్న లైనింగ్ రాపిడి వల్లనే ఇంజిన్ శక్తి గేరు పెట్టెకు చేరుతుంది.

కనుక క్లచ్ మోయగల బలం మూడు విషయాలపై ఆధారపడుతుంది: లైనింగ్ రాపిడి గుణం, స్ప్రింగ్ అదిమే బలం, ప్లేటు వ్యాసం. లైనింగ్ అరిగి పలచబడితే స్ప్రింగ్ నిలిచే కోణం మారి, చివరి దశలో అదిమే బలం తగ్గుతుంది. నూనె అంటినా, అతిగా వేడెక్కినా రాపిడి గుణం పడిపోతుంది.

శక్తి గల కార్లలో ఎందుకు ముందుగా బయటపడుతుంది

ఇంజిన్ తిప్పే బలాన్ని టార్క్ అంటారు, న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. పాత మారుతి 800 ఇంజిన్ టార్క్ సుమారు 59 న్యూటన్ మీటర్లు. 2015లో మన దేశంలో విడుదలైన అబార్త్ పుంటో టర్బో ఇంజినుది 212. 2020లో వచ్చిన మహీంద్రా థార్ డీజిల్ ఇంజినుది 300. టర్బో ఇంజిన్లు ఈ బలాన్ని తక్కువ ఆర్‌పీఎంలోనే అందిస్తాయి. అందుచేత చోదకుడు పెద్దగా హడావుడి చేయకపోయినా క్లచ్ మీద పూర్తి భారం పడుతుంది.

తయారీదారులు సాధారణంగా ఇంజిన్ గరిష్ఠ టార్కుకు 1.2 నుండి 1.5 రెట్లు మోయగల క్లచ్‌ను అమరుస్తారు. ఇంజిన్ కంప్యూటరులోని లెక్కలు మార్చి శక్తి పెంచడాన్ని రీమ్యాప్ అంటారు. 250 న్యూటన్ మీటర్ల ఇంజిన్ రీమ్యాప్ తరువాత 320 ఇస్తే, ఆ అదనపు సామర్థ్యంలో చాలా భాగం అక్కడికే ఖర్చయిపోతుంది. క్లచ్ కొత్తదైతే కొంతకాలం ఓర్చుకుంటుంది. సగం అరిగినదైతే వెంటనే జారడం మొదలుపెడుతుంది.

ఆ జారుడులో పుట్టే వేడి సామాన్యమైనది కాదు. 250 న్యూటన్ మీటర్ల టార్కును మోస్తున్న క్లచ్‌లో ఇరువైపుల నడుమ నిమిషానికి 500 చుట్ల తేడా వస్తే, దాదాపు 13 కిలోవాట్ల వేడి పుడుతుంది. అనగా 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెలు పదమూడు ఒకేసారి ఆ చిన్న ప్లేటును కాల్చినట్లు. లైనింగ్ మాడిన వాసన రావడానికి, ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు పడడానికి ఇదే కారణం.

గుర్తించడం ఎలా

తొలి గుర్తు పై గేర్లలోనే కనబడుతుంది. ఒకటవ, రెండవ గేర్లలో కారు మామూలుగానే కదులుతుంది. నాలుగవ లేదా ఐదవ గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు, బరువుతో దాటబోయేటప్పుడు ఆర్‌పీఎం మాత్రం లేస్తుంది. అందుకే ఊరిలో తిరిగినంత కాలం యజమానికి లోపం తెలియదు. సాలూరు నుండి కోరాపుట్ వైపు సుంకి ఘాట్ ఎక్కినప్పుడో, తిరుమల కొండ ఎక్కినప్పుడో బయటపడుతుంది.

వాహనాలు లేని చదునైన రహదారిపై పరీక్ష చేయవచ్చు. నాలుగవ గేరులో సుమారు 2000 ఆర్‌పీఎం వద్ద నిలకడగా నడుపుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. ఆర్‌పీఎం, వేగం రెండూ కలిసి పెరిగితే క్లచ్ పట్టు బాగున్నట్లు. ఆర్‌పీఎం ఎగిరి, వేగం వెనుకబడితే జారుతున్నట్లు. ఒకటి రెండుసార్లకు మించి ఈ పరీక్ష చేయరాదు, ఎందుకంటే పరీక్ష కూడా క్లచ్‌ను అరగదీస్తుంది.

‘పికప్ తగ్గింది’ అన్న ప్రతి కారులోనూ క్లచ్ లోపం ఉండదు. వేగంతో పాటు ఆర్‌పీఎం కూడా మందగిస్తే లోపం టర్బోలో, ఇంధనంలో లేదా గాలి ఫిల్టరులో ఉండవచ్చు. గేరు వేసేటప్పుడు గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. అది జారుడుకు వ్యతిరేకమైన లోపం. ఇక పెడల్ బాగా పైకి వచ్చిన తరువాతనే కారు కదలడం కేబుల్ క్లచ్‌లో అరుగుదలకు గుర్తు. హైడ్రాలిక్ క్లచ్‌లో అరుగుదల చాలావరకు దానంతట సర్దుకుంటుంది కనుక పెడల్‌ను మాత్రమే చూసి నిర్ణయించరాదు.

కారణాలు

అరుగుదలే ప్రధాన కారణం. దానిని త్వరపెట్టేది తరచుగా చోదకుని ఎడమ పాదమే. పెడల్ మీద పాదం ఆనించి నడపడం, ఎత్తులో హాఫ్ క్లచ్ మీద కారును నిలిపి ఉంచడం, ఇంజిన్‌ను హోరెత్తించి ఒక్కసారిగా క్లచ్ వదలడం, బరువైన ట్రైలర్ లాగడం ఇందులో ముఖ్యమైనవి.

రెండవది నూనె. క్రాంక్ షాఫ్ట్ వెనుక ఆయిల్ సీల్ లేదా గేరు పెట్టె ముందు సీల్ కారితే లైనింగ్ తడుస్తుంది. నూనె పీల్చిన ప్లేటును పెట్రోలుతో కడిగి తిరిగి వేయడం వృథా ప్రయాస. సీల్ మార్చి కొత్త ప్లేటు వేయవలసిందే.

మూడవది సర్దుబాటు. కేబుల్ మరీ బిగుతుగా ఉండి పెడల్‌కు కొంత వదులు లేకపోతే బేరింగ్ ఎల్లప్పుడూ స్ప్రింగును నొక్కుతూ ఉంటుంది. కేబుల్ సరిచేస్తే, ప్లేటు అప్పటికే మాడి ఉండకపోతే, పని చౌకలో ముగియవచ్చు. కనుక గేరు పెట్టె దింపే ముందే దీనిని చూడమని చెప్పాలి.

దారిలో జారితే

యాక్సిలరేటర్ మెల్లగా తొక్కాలి. దిగువ గేరులో నెమ్మదిగా సాగితే అదే ఎత్తును ఇంజిన్ తక్కువ టార్కుతో ఎక్కగలదు, క్లచ్ మీద భారం తగ్గుతుంది. ఇతర వాహనాలను దాటే ప్రయత్నం మానుకోవాలి. మాడిన వాసన వస్తే చదునైన చోట పక్కకు ఆపి, అరగంటయినా చల్లారనివ్వాలి. నిలిపినప్పుడు గేరును మాత్రమే నమ్మక హ్యాండ్ బ్రేకు వేసి, చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. కుటుంబంతో, సామానుతో ఘాట్ ఎక్కవలసి ఉంటే ఆ ప్రయాణం వాయిదా వేయడమే మేలు.

మరమ్మతులో పాటించవలసినవి

గేరు పెట్టె దింపడానికే ఎక్కువ శ్రమ, కూలి ఖర్చవుతాయి. కాబట్టి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్చడం లాభదాయకం. బేరింగ్ మిగిల్చి తరువాత మార్చవలసి వస్తే అదే కూలి మరల ఇవ్వవలసి వస్తుంది. ఆయిల్ సీళ్లు కూడా అప్పుడే పరీక్షించాలి.

ఫ్లైవీల్ మీద గీతలు, పగుళ్లు, నీలి మచ్చలు చూడాలి. సాధారణ ఫ్లైవీలును తయారీదారు అనుమతించిన మేరకు గ్రైండింగ్ చేయించవచ్చు. లోపల స్ప్రింగులు గల డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అయితే సాధారణంగా మార్చడమే పద్ధతి.

ట్రాక్టర్లకు, లారీలకు పాత ప్లేటుకే కొత్త లైనింగ్ రివెట్లతో వేయించే ఆచారం ఉంది. అధిక వేగంతో తిరిగే శక్తిమంతమైన కారుకు ఇది తగదు. సమతూకం తప్పిన లైనింగ్ ఆ వేగంలో చిట్లిపోయే ప్రమాదం ఉంది. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక క్లచ్ ధూళిని గాలి పైపుతో ఊదరాదు, పిల్లలను దగ్గరకు రానీయరాదు.

గట్టి క్లచ్ ఎవరికి అవసరం

కంపెనీ ఇచ్చిన శక్తితోనే నడిచే కారుకు కంపెనీ క్లచ్ చాలు. శక్తి పెంచిన కారుకు గట్టి స్ప్రింగు గల ప్రెషర్ ప్లేటు, కెవ్లార్ లేదా సెరామిక్ కలిసిన ప్లేటు దొరుకుతాయి. వీటితో పట్టు పెరుగుతుంది, పెడల్ కూడా బరువెక్కుతుంది. సెరామిక్ ప్లేటు చల్లగా ఉన్నప్పుడు కారు కదిలే వేళ కుదుపు ఇస్తుంది. ఇంట్లో పెద్దలు, స్త్రీలు కూడా నడిపే కారుకు ఈ పోటీ క్లచ్ సుఖమైనది కాదు. చాలామందికి రీమ్యాప్ తొలగించి, కంపెనీ క్లచ్ వేయించుకోవడమే తక్కువ ఖర్చుతో కూడిన మార్గం.

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు విధిస్తుంది. ప్రమాదం జరిగినప్పుడు బీమా విషయంలో కూడా చిక్కులు రావచ్చు.

వేయించిన తరువాత

కొత్త లైనింగ్ సర్దుకోవడానికి సుమారు 500 నుండి 800 కిలోమీటర్ల వరకు సున్నితంగా నడపాలి. విడిభాగం నంబరుతో బిల్లు తీసుకోవాలి, పాత భాగాలను చూపమని అడగాలి. ఒక రాష్ట్రంలో కొని మరొక రాష్ట్రంలో తిరిగే వాహనానికి ఆ బిల్లే తరువాతి మెకానిక్‌కు ఆధారం.

సెకండ్ హ్యాండ్ టర్బో కారు కొనేవారు బేరం కుదరక ముందే పై గేరు పరీక్ష చేయాలి, రీమ్యాప్ జరిగిందా అని అడగాలి. జారుతున్నట్లు తేలితే మరమ్మతు ఖర్చును ధరలో తగ్గించమనడం న్యాయమే. క్లచ్ మార్చిన తరువాత ఎడమ పాదాన్ని పెడల్ మీద కాక నేల మీద ఉంచే అలవాటు చేసుకుంటే, అదే ఖర్చు మళ్లీ త్వరగా మీదపడకుండా ఉంటుంది.