వలందపాలెం నుంచి వలందపాలేనికి

మా నాన్నగారు బందరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట బల్ల వేసుకుని ముప్ఫయ్యేళ్ళు దస్తావేజులు రాశారు. అందుకే 2022లో జెర్సీ సిటీలో ఇల్లు కొంటున్నానని ఫోనులో చెప్పినప్పుడు రేటెంత, గదులెన్ని అని అడగలేదు. "లింకు డాక్యుమెంట్లు ఎక్కడిదాకా ఉన్నాయిరా?" అన్నారు.

అమ్మ మాత్రం "అయితే ఇంక తిరిగి రావన్నమాట" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కాబట్టి నాన్నగారి ప్రశ్నే పట్టుకున్నాను.

"ఎడిసన్ ఉండగా జెర్సీ సిటీ ఏమిటి?" అని స్నేహితులందరూ అడిగారు. నిజమే, అక్కడ గరాజు, పెరడు, పక్కింట్లో మనవాళ్ళు. కానీ నేను ఈ దేశంలో దిగింది జర్నల్ స్క్వేర్ దగ్గర ఒక గెస్ట్ హౌస్‌లో. మూడు గదుల్లో ఎనిమిదిమందిమి, ఒకటే కుక్కరు. ప్రాజెక్టు ఎక్కడొచ్చినా పాత్ రైలెక్కితే చాలు, పావుగంటలో మన్‌హట్టన్. నెవార్క్ ఎవెన్యూకి నడిచి వెళితే గోంగూర దొరుకుతుంది. కన్సల్టెంటు బతుక్కి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి? మేం చూసుకున్నది వందేళ్ళు దాటిన చెక్క ఇల్లు. కింద మేము, పైన అద్దెకి. ముప్ఫయ్యేళ్ళ అప్పు, మూడేళ్ళకోసారి పొడిగించుకునే వీసా! ఈ లెక్క తలుచుకుంటే రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఇక్కడ ఇల్లు కొనడం కూడా ఒక చదువే. ఏజెంటు రాసిన ఒప్పందం మీద సంతకం పెట్టాక లాయరు చూసి కాదనడానికి మూడు పనిదినాల గడువుంటుంది. న్యూజెర్సీలో 1983 నుంచీ ఉన్న పద్ధతి ఇది. పెరట్లో పాత నూనె ట్యాంకేమైనా పాతిపెట్టి ఉందా అని యంత్రంతో వెతికిస్తారు. పన్ను సంగతి మరో కథ. జెర్సీ సిటీలో ఇళ్ళ విలువల్ని 1988 తరవాత మళ్ళీ 2018లోనే తిరగరాశారు. ముప్ఫయ్యేళ్ళపాటు కాగితం మీద ఊరు కదల్లేదన్నమాట! వీటన్నిటి తరవాత టైటిల్ సెర్చి. మన ఈసీ లాంటిదే, కాకపోతే బీమా కూడా అమ్ముతారు. రిపోర్టు వచ్చింది. సుమారు 60 ఏళ్ళ లెక్క. ఎవరు ఎవరికి అమ్మారు, ఎవరి అప్పు ఎప్పుడు తీరింది, అంతా శుభ్రంగా ఉంది.

నాన్నగారికి చదివి వినిపించాను. "అంతకు ముందు?" అన్నారు.

అంతకు ముందు సంగతి లాయరు చెప్పడు. వీధుల పేర్లు చెప్పాయి. బెర్గెన్ ఎవెన్యూ, సిప్ ఎవెన్యూ, వాన్ రేపెన్ స్ట్రీట్, న్యూకర్క్ స్ట్రీట్... ఇన్నాళ్ళూ ఇవేవో తెల్లవాళ్ళ పేర్లనుకుని వాటి మీదుగా నడిచాను. ఇవన్నీ డచ్చివాళ్ళ పేర్లు. మా ఇంటికి నాలుగు వీధుల అవతలున్న బెర్గెన్ స్క్వేర్ వాళ్ళు 1660లో కట్టుకున్న ఊరికి నడిబొడ్డు. ఒక్కో వైపు 800 అడుగుల చదరం, చుట్టూ కర్రల కోట, మధ్యలో రెండు వీధులు కలిసేచోట చిన్న మైదానం, అందులో పశువులకి నీళ్ళ కోసం ఒక బావి. ఇళ్ళన్నీ కోట లోపల, పొలాలన్నీ బయట. కోట గోడలున్నచోట ఇప్పుడు ట్యూయర్స్, న్యూకర్క్, వాన్ రేపెన్, వ్రూమ్ వీధులున్నాయి. 1661లో పీటర్ స్టైవెసంట్ ఈ ఊరికి సొంత న్యాయస్థానం ఇచ్చాడు. ఇప్పటి న్యూజెర్సీలో మొదటి స్థానిక ప్రభుత్వం అదే. 1664లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, జెండా మారింది, వీధులు మారలేదు. ఇప్పటికీ అకాడమీ స్ట్రీట్, బెర్గెన్ ఎవెన్యూ కలిసేచోట నిలబడితే ఆ పాత నాలుగు మూలలూ తెలుస్తాయి.

ఇది చదువుతూ నవ్వుకున్నాను. ఎందుకంటే నేను పుట్టింది బందరు వలందపాలెంలో. వలందులంటే హాలండువాళ్ళు, డచ్చివాళ్ళన్నమాట. ఇంగ్లీషువాళ్ళకి ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివాళ్ళకి పరాసుపేట, వీళ్ళకి వలందపాలెం. ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులు 1602లో ఈస్టిండియా కంపెనీ పెట్టి కొద్ది ఏళ్ళలోనే బందరులో దిగారు. మన నేతగాళ్ళ గుడ్డలు, కలంకారీలు తూర్పు దీవులకి పట్టుకెళ్ళి మసాలా దినుసులు కొనుక్కునేవాళ్ళు. 1621లో అదే దేశంవాళ్ళు వెస్టిండియా కంపెనీ పెట్టి హడ్సన్ నది ఒడ్డున బీవరు తోళ్ళ వ్యాపారం నడిపారు. ఒక కంపెనీ మా ఊరికి, ఇంకో కంపెనీ ఈ ఊరికి. బందరులో వాళ్ళు మిగిల్చింది పేరూ, చెక్కిన పెద్ద రాళ్ళ సమాధులూ. 1825లో వాళ్ళ కోరమాండల్ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. చిన్నప్పుడు మేం ఆ సమాధుల మీదెక్కి ఆడుకునేవాళ్ళం.

సరే, లింకు డాక్యుమెంటు దొరికిందా అంటే, దొరికింది. 1658 జనవరిలో స్టైవెసంట్ లెనాపె తెగవాళ్ళ దగ్గర హడ్సన్‌కీ హాకెన్‌సాక్‌కీ మధ్య ఉన్న నేలంతా కొన్నాడు. ధర: 80 బారల వంపం, అంటే గవ్వపూసల దండలు, 20 బారల గుడ్డ, 12 కెటిళ్ళు, 6 తుపాకులు, 2 కంబళ్ళు, ఒక జోడు కెటిలు, అర పీపా ఘాటు బీరు. నాన్నగారికి ఈ జాబితా చెబితే ముందు నవ్వారు. తరవాత "హద్దులు రాశారా?" అన్నారు. రాశారు, వీహాకెన్ పైనున్న పెద్ద బండ దగ్గర మొదలుపెట్టి. "మరి అమ్మినవాళ్ళకి అమ్ముతున్నామని తెలుసా?" అని అడిగారు. ముప్ఫయ్యేళ్ళు వేలిముద్రలు వేయించిన మనిషి అడగాల్సిన ప్రశ్నే. లెనాపెవాళ్ళ దృష్టిలో భూమి నలుగురూ వాడుకునేది, శాశ్వతంగా వదులుకునేది కాదని చరిత్రకారులు చెప్తారు.

ఇంకో సంగతి నాన్నగారికి వెంటనే చెప్పలేకపోయాను. ఆ దస్తావేజుకి పదిహేనేళ్ళ ముందు, 1643 ఫిబ్రవరిలో, ఉత్తరాన శత్రువుల దాడికి తట్టుకోలేక పారిపోయి వచ్చిన కొందరు స్థానికులు డచ్చివాళ్ళ నీడన ఉందామని ఈ ఒడ్డునే, అప్పట్లో పవోనియా అనేవారు, గుడిసెలు వేసుకున్నారు. కంపెనీ డైరెక్టరు విలెమ్ కీఫ్ట్ సైనికుల్ని పంపాడు. నిద్రలో ఉన్నవాళ్ళని, ఆడవాళ్ళూ పసిపిల్లలూ సహా, సుమారు 80 మందిని చంపారు. ఆ తరవాత యుద్ధాలు, తగలబడిన ఇళ్ళు. 1655లో ఈ ఒడ్డున డచ్చివాళ్ళ ఊళ్ళు కూడా కాలి ఖాళీ అయ్యాయి. కర్రల కోటలో ఊరు కట్టుకోవాలన్న ఆలోచన ఆ భయంలోంచే వచ్చింది. మా రిపోర్టులో "శుభ్రం" అని రాసిన నేల ఇది.

ఇది పాత కథే కదా అంటారా? మరి 1987 ఎంత పాతది? ఆ ఏడు జెర్సీ జర్నల్ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. 'డాట్‌బస్టర్స్' అని సంతకం. బొట్టు పెట్టుకునేవాళ్ళని జెర్సీ సిటీ నుంచి తరిమేస్తామని, ఫోను డైరెక్టరీలో పటేళ్ళ పేర్లు వెతుకుతామని బెదిరింపు. ఆ సెప్టెంబరులోనే పక్కనున్న హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీ అనే 30 ఏళ్ళ బ్యాంకు ఉద్యోగిని కొట్టి చంపారు. కొట్టినవాళ్ళకి దాడి నేరం కింద శిక్షలు పడ్డాయి, హత్య కింద కాదు. జెర్సీ సిటీలో కౌశల్ శరణ్ అనే డాక్టరుని నెత్తురు కారేలా కొట్టి వదిలేశారు. అప్పుడు మనవాళ్ళు ఊరేగింపులు తీశారు, కొట్లు మూసుకుని పోలేదు. 1990లో న్యూజెర్సీలో ద్వేష నేరాల చట్టం వచ్చింది. నేను గోంగూర కొనుక్కునే నెవార్క్ ఎవెన్యూ అలా నిలబడింది. జర్నల్ స్క్వేర్‌కి పేరిచ్చిన ఆ పత్రిక 2025 ఫిబ్రవరిలో మూతపడింది. కొట్లు మాత్రం ఉన్నాయి.

క్లోజింగ్ రోజున లాయరు ఆఫీసులో సంతకాలు పెట్టీ పెట్టీ చెయ్యి నొప్పి పుట్టింది. బయటికొచ్చి తాళాలు జేబులో వేసుకుని మా ఆవిడా నేనూ బెర్గెన్ స్క్వేర్ దాకా నడిచాం. అక్కడ బడి వదిలారు. పిల్లలు అరబిక్, స్పానిష్, తగలోగ్, తెలుగు... అన్నీ కలిపి అరుస్తున్నారు. నేను అప్పుడు నాన్నగారికి ఫోన్ చేసి, అంతకుముందు దాచిన 1643 సంగతి కూడా చెప్పేశాను.

కాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నారు: "నేను రాసినవాటిలో కూడా అలాంటివి ఉన్నాయిరా. అమ్మకం అని రాస్తాం, అప్పుకి పోయిందని రాయం. కాగితంలో అంత చోటు ఉండదు. కొన్నవాడికైనా తెలిసుంటే మంచిది."

పోయిన సంక్రాంతికి బందరు వెళ్ళినప్పుడు, వలందపాలెం ఇల్లు ఏం చేద్దామని అమ్మ మళ్ళీ అడిగింది. అమ్మొద్దన్నాను. తిరిగి వస్తానని కాదు, అది ఆవిడకీ తెలుసు. వెనక గదిలో ఒక చేనేత కుటుంబం పదేళ్ళుగా అద్దెకి ఉంటోంది. వాళ్ళు ఉన్నన్నాళ్ళు ఉండనిద్దాం అన్నాను. నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, "అయితే వాళ్ళ పేరుతో ఒక అద్దె పత్రం రాసిపెడతాను. నోటిమాట మీద ఉండకూడదు" అని కాగితం తెమ్మన్నారు.